దిద్దినోడి పేరు నిలిచే పుస్తకం

మా అబ్బ పేరు అడంగల్‌లో తప్పు పడింది. ఒక్క అక్షరమే. దాన్ని దిద్దిచ్చేకి మా నాయన మూడేండ్లు ఒక ఆఫీసు చుట్టూ తిరిగినాడు. ఆ తప్పు ఎవరు రాసినారు, ఎప్పుడు రాసినారు అని అడిగితే చెప్పినోడే లేడు. ఆ కోపం నాకు ఇంగా ఉండాది. అందుకే కంప్యూటరోళ్ళు వాడే 'గిట్' గురించి తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ అడంగలే.

గిట్ అంటే రాతలో జరిగే ప్రతి మార్పునూ లెక్క పెట్టుకునే సాఫ్ట్‌వేర్. లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీన్ని తయారు చేసినాడు. ఏ లైను మారింది, ఎవరి పేరు మీద మారింది, ఏ పొద్దు, ఏంటికి, అన్నీ దాంట్లో ఉంటాయి. ప్రతి మార్పుకూ ఒక గుర్తు నంబరు పడతాది. పాతదాన్ని ఎవరన్నా గుట్టుగా తిరగరాస్తే ఆ నంబరూ, దాని తర్వాత వచ్చిన నంబర్లన్నీ మారిపోతాయి. మొత్తం చరిత్ర నకళ్ళు శానామంది దగ్గర ఉంటాయి కాబట్టి మోసం దాగదు.

ఇది కోడు రాసేటోళ్ళ యవ్వారం, మనకేంటికి అంటారేమో. సాఫ్ట్‌వేర్‌ను ఎట్ల వాడల్లో చెప్పే రాతలు, అంటే డాక్యుమెంటేషన్ కూడా శానా వరకు ఇట్లే నడుస్తాంది. వెబ్‌సైట్లు కట్టేది నేర్చుకునేటోళ్ళు చదివే ఎండీఎన్ పాఠాలు 2020 డిసెంబర్ నుంచి గిట్‌హబ్‌లోనే ఉండాయి. తప్పు కనపడితే ఎవరైనా దిద్ది పంపొచ్చు.

దారి ఇది. గిట్‌హబ్‌లో ఉచితంగా ఖాతా తెరువు. తప్పున్న ఫైలు కాడికి పోయి పెన్సిల్ గుర్తు నొక్కు. నీ పేరు మీద ఒక నకలు తయారవుతాది, దాన్ని ఫోర్క్ అంటారు. జెరాక్స్ తీసుకొని దాని మీద పెన్నుతో దిద్దినట్ల. అసలు కాయితాన్ని నువ్వు ముట్టుకోలేదు. దిద్దినాక ఏమి మార్చినావో ఒక లైను రాసి భద్రం చేయల్ల, అది కమిట్. 'ఈ దిద్దుబాటు తీసుకోండి' అని పంపేది పుల్ రిక్వెస్ట్. ఆ రాతలు చూసుకునేటోళ్ళకు పాత లైను ఎర్రగా, కొత్త లైను పచ్చగా కనపడతాది. సరే అనుకుంటే అసలుదాంట్లో కలుపుతారు, అది మర్జ్. చిన్న దిద్దుబాటైతే ఫోన్‌లోనే అయిపోతాది.

నా మొదటి దిద్దుబాటు తిరిగొచ్చింది. స్పెల్లింగ్ దిద్దినోణ్ణి ఊరికే ఉండకుండా పక్క పేరా కూడా నాకు నచ్చినట్ల మార్చినా. "ఒకసారికి ఒకే పని పంపు" అని జవాబు రాసినారు. సిగ్గయింది. విడదీసి పంపితే తీసుకున్నారు. నేను పది తప్పినోణ్ణి. నా సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు.

ఇంగ్లీషు రాదని జంకొద్దు. పనిచేయని లింకు, తప్పు నంబరు, వదిలేసిన మెట్టు, ఇవి చెప్పేకి పెద్ద ఇంగ్లీషు ఏంటికి? అన్నీ తెలిసినోడు రాసేటప్పుడు మెట్టు దాటేస్తాడు. కొత్తగా నేర్చుకునేటోడికే ఆడ కాలు జారుతాది. ఆ జారిన చోటు చూపించేది నువ్వే.

తెలుగులోనే చేయల్లంటే వికీపీడియా ఉండాది, 2003 డిసెంబర్ నుంచి. అది గిట్ కాదు గానీ పద్ధతి దగ్గరిదే. ప్రతి పేజీకీ మార్పుల చరిత్ర ఉంటాది. ఆడ నీ మార్పు వెంటనే కనపడతాది, తప్పైతే ఇంకొకరు వెనక్కి తిప్పుతారు. మా గుడిబండ 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. యాడన్నా పాత జిల్లా పేరే ఉంటే దాన్ని పట్టుకునేది ఈ ఊరోళ్ళు కాక ఇంకెవరు? దిద్దేటప్పుడు ఆధారం మాత్రం చూపించల్ల.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వారం ఒక్క తప్పు వెతకండి, దిద్ది పంపండి. మా నాయన అడిగిన రెండు ప్రశ్నలకు, ఎవరు, ఎప్పుడు అనేదానికి, జవాబిచ్చే పుస్తకం ఎట్లుంటాదో మీ చేత్తో తెలుస్తాది. మన భూమి రికార్డులకూ అట్లాంటి చరిత్ర పెట్టండని రేపు గట్టిగా అడగల్లంటే, ఆ పద్ధతి మనకు వచ్చుండల్ల.