శీలమునకు పట్టిన గింజ

పైరు ఏపుగా పెరిగినంతనే రైతు తృప్తిపడడు. కంకి పాలుపోసికొని గింజ గట్టిపడినదా అని చూచును. నెల్లూరు సీమలో వరి పండించువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. క్రైస్తవ జీవితమునకును ఇదియే కొలత. అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాసిన లేఖలో ప్రేమ, దీర్ఘశాంతము, మంచితనము, ఆశానిగ్రహము మొదలైన తొమ్మిది గుణములను ఆత్మఫలముగా పేర్కొనెను. ఫలము ఒక్క దినమున కాయదు. విశ్వాసము ఒక్క గడియలో కలుగవచ్చును గాని, శీలము కాలముమీద పండవలసినదే.

ఈ తీరపు క్రైస్తవ చరిత్రయే ఇందుకు సాక్ష్యము. అమెరికా బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరున పని ప్రారంభించెను. ఏండ్లు గడచినను సంఘమున చేరినవారు బహు కొద్దిమంది. ఈ మిషనును మూసివేయుట మేలేమోయని 1853లో అమెరికాలోని పెద్దలు తర్జనభర్జనలు పడిరి. అయినను లైమన్ జూయెట్ దంపతులు చేపట్టిన పనిని విడువలేదు. 1854 నూతన సంవత్సరోదయమున వారు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండపై మోకరించి ప్రార్థించిరి. ఆ కొండకు ప్రార్థనా కొండయను పేరు నిలిచినది. ఫలము కానరాని కాలమున నిలుకడగా ఉండుట పరిణతికి మొదటి గురుతు.

ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే. తోళ్ల వ్యాపారము చేయు యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొంది, తన మాదిగ సోదరులకు సువార్త చెప్పసాగెను. ఆ యేడే జాన్ క్లౌ ఒంగోలున నివాసమేర్పరచుకొనెను. సంఘమున చేరువారికి ఆయన పెట్టిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకివి చిన్న మాటలు. కాని ఊరివారు పిలిచిన దినమున వెట్టికి పోవుట, జాతరలలో డప్పు వాయించుట ఆ దినములలో మాదిగవారికి విధిగా ఉండెడివి. కాదనినవారు ఊరి ఆగ్రహమునకు గురియైరి. వారి విశ్వాసము మాటలలో గాక, తినుటలోను, పనిచేయుటలోను, దెబ్బలోర్చుటలోను రూపుకట్టెను.

ఇంతకు మించిన పరీక్ష 1876–78 నాటి కరవుతో వచ్చెను. తిండిలేని జనమునకు కూలి దొరకుటకై, తీరము వెంబడి త్రవ్వుచున్న కాలువలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ గుత్తకు తీసికొనెను. తరువాత బకింగ్‌హామ్ కాలువయని పేరొందినది అదియే. పనివారు అలసి కూర్చున్నవేళ బోధకులు వారిని ఓదార్చుచు క్రీస్తును గూర్చి చెప్పుచుండిరి. వేలమంది బాప్తిస్మమడిగిరి. క్లౌ ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చినవాడెవడో, ఆత్మ కొరకు వచ్చినవాడెవడో ఆకలి వేళ తెలియదు గదా! సుమారు పదిహేను నెలలు బాప్తిస్మములు నిలిచిపోయెను. సహాయపు పనులు ముగిసి, చేతిలో ఇచ్చుటకేమియు లేనప్పుడును జనము మరల వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తెలుగు బోధకులే ఇద్దరిద్దరుగా నీట నిలిచి ఆ పని జరిపిరి.

లోకము ఆ సంఖ్యను జ్ఞాపకముంచుకొన్నది. మనము ఆ పదిహేను నెలలను జ్ఞాపకముంచుకొనవలెను. అన్నము పెట్టుటకు షరతు లేదు. సంఘమున చేర్చుకొనుటకు తొందర లేదు. కనికరము, నిగ్రహము ఒక్కచోట కూడుటయే పండిన శీలము.

బాప్తిస్మము జననము వంటిది. ఎదుగుట అటుపిమ్మటి పని. పేతురు తన రెండవ లేఖలో విశ్వాసమునకు సద్గుణమును, దానికి జ్ఞానమును, నిగ్రహమును, సహనమును, భక్తిని, సోదర ప్రీతిని, తుదకు ప్రేమను జతచేయుమని బోధించెను. ఈ మెట్లు ఎక్కవలసిన చోటు ఆలయము మాత్రమే కాదు, ఇల్లును అంగడియును గూడ. కోపము వచ్చినపుడు నోరు అదుపులో నున్నదా? తూకములో చేయి నిజాయితీగా నున్నదా? ఇంట పనిచేయువారికి కూలి వేళకు అందుచున్నదా? మనకు తిరిగి ఏమియు ఈయలేనివానికి మేలు చేయుచున్నామా? నిరుటికంటె ఈ యేడు వీనిలో ఒక్కదానికైనను మేలైన జవాబు చెప్పగలిగినచో, కంకిలో గింజ పట్టుచున్నదని నమ్మవచ్చును.