బియ్యం ధర – కలన గణితం

సికింద్రాబాదుకు ఈశాన్యాన, సైనికోద్యోగుల నివాసాలతో పెరిగిన సైనిక్‌పురిలో నేడు విద్యాసంస్థలకు కొదవ లేదు. అక్కడ పట్టభద్రుడై అర్థశాస్త్రంలో ఎం.ఏ. చదువగోరిన విద్యార్థి ఉస్మానియాకు పోవచ్చును. సీటు లభిస్తే నగరానికి ఆవలి కొసనున్న హైదరాబాదు విశ్వవిద్యాలయానికీ పోవచ్చును. ఎంత దూరమైనా బస్సు చేర్చగలదు. కాని సూక్ష్మ అర్థశాస్త్రపు తరగతిలో మొదటి నెలలోనే అతనికి ఎదురయ్యే దూరం వేరొకటి ఉన్నది. అది గణితం.

కొనేవాడు, ఉత్పత్తి చేసేవాడు, వారు కలుసుకొనే అంగడి – వీటిని పరిశీలించేది సూక్ష్మ అర్థశాస్త్రం. డిగ్రీలో దీనిని మాటలతోను, నల్లబల్లపై గీచిన రేఖలతోను బోధిస్తారు. ఎం.ఏ.లో ఆ రేఖల స్థానాన్ని సమీకరణాలు ఆక్రమిస్తాయి. ఎందుకీ మార్పు?

ఒక కుటుంబం కిలో 50 రూపాయల చొప్పున నెలకు 40 కిలోల బియ్యం కొంటున్నదనుకొనండి. ధర 60 రూపాయలైనది. పూర్వపు సరుకులన్నీ పూర్వంవలెనే కొనవలెనంటే 400 రూపాయలు అదనంగా కావలెను. ఆ మొత్తం ఎవరైనా ఇచ్చినా, ఇల్లాలు బియ్యం కొంత తగ్గించి, జొన్నలో గోధుమపిండో పెంచవచ్చును. ఇది ప్రత్యామ్నాయ ప్రభావం. ఇచ్చిన 400 తిరిగి తీసుకొన్నప్పుడు, చేతిలో డబ్బు తగ్గినందువల్ల కలిగే మార్పు ఆదాయ ప్రభావం. రష్యా దేశీయుడైన యూజీన్ స్లట్‌స్కీ 1915లో ఒక ఇటాలియన్ పత్రికలో ఈ విభజనను సమీకరణంగా వ్రాసినాడు. చాలాకాలం దానిని పట్టించుకొన్నవారు అరుదు. 1934లో హిక్స్, అలెన్ పండితులు అదే ఫలితానికి వేరుగా చేరుకొన్నారు.

రెండు వస్తువులైతే పటం చాలును. కాని సరుకుల చీటీలో రెండే వస్తువులుండవు గదా! ముప్పై వస్తువులకు పటం గీయడం అలవి కాదు. అక్కడ అవకలనాలు, మాత్రికలు కావలసివస్తాయి. పైగా పటానికి తోచని సంగతులు వాటివల్ల తెలుస్తాయి. ఆదాయ ప్రభావాన్ని తొలగిస్తే, బియ్యం ధర రవంత పెరిగినప్పుడు జొన్నల కొనుగోలులో వచ్చే మార్పు రేటు, జొన్నల ధర పెరిగినప్పుడు బియ్యం కొనుగోలులో వచ్చే మార్పు రేటుతో సరిసమానం. ఏ దుకాణదారుడూ ఊహించని ఈ సమానత్వాన్ని సమీకరణం చెబుతుంది.

చిక్కు మాత్రం ఎం.ఏ.లో పుట్టినది కాదు. పదవ తరగతి ముగిసిన 15, 16 ఏండ్ల ప్రాయంలో, ‘లెక్కలు రానివానికి అర్థశాస్త్రమే మేలు’ అని పెద్దలు, ఒక్కొక్కప్పుడు ఉపాధ్యాయులే, పిల్లవానిని వాణిజ్య, అర్థ, పౌరశాస్త్రాల గ్రూపులో చేర్పిస్తారు. గణితంతో కూడిన గ్రూపు ప్రక్కనే ఉన్నా అటు చూడనివ్వరు. ఇంటర్మీడియేట్ రెండేండ్లు, డిగ్రీ మూడేండ్లు – అయిదేండ్లు గణితం ముట్టనివాని ముందు, 1995లో మాస్ కొలెల్, విన్‌స్టన్, గ్రీన్ ప్రకటించిన, వెయ్యి పుటలకు చేరువైన గ్రంథం వంటిది తెరిస్తే అతడేమి చేయగలడు? తెలుగు మాధ్యమంలో చదివినవాడు తన ఇంగ్లీషునే నిందించుకొంటాడు. నిజానికి భాష చిన్న అడ్డంకి; సమీకరణాలకు మాధ్యమ భేదం లేదు.

ఇందుకు ఎదురుదారిన వచ్చిన పండితుడు జి. ఎస్. మద్దాల. 1955లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి గణితంలో బి.ఏ., 1957లో బొంబాయి విశ్వవిద్యాలయం నుండి సాంఖ్యక శాస్త్రంలో ఎం.ఏ. పట్టాలు పొందినారు. 1960లో ఫుల్‌బ్రైట్ వేతనంపై చికాగో వెళ్లి, 1963లో అర్థశాస్త్రంలో డాక్టరేటు సాధించినారు. ఎకనామెట్రిక్స్‌లో ప్రఖ్యాతులైన ఆయన, 1989లో ఎలెన్ మిల్లర్‌తో కలిసి సూక్ష్మ అర్థశాస్త్రానికే పాఠ్యగ్రంథం వ్రాసినారు.

డిగ్రీకి, ఎం.ఏ.కు నడుమ ఒక వేసవి ఉన్నది. మాత్రికలు, అవకలనం ఇంటర్మీడియేట్ మొదటి సంవత్సరపు గణితంలోనివే; ఆ పుస్తకాలు తెలుగులోనూ ఉన్నవి. వాటికి ఆ వేసవి చాలును. లగ్రాంజి గుణకానికి మాత్రం మరికొంత వ్యవధి, ప్రక్కన కూర్చుండి చెప్పే గణితోపాధ్యాయుడు ఒకరు కావలెను.