కూతకు వచ్చే ఆ ఒక్కడిని ఆపడమెలా?

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే మా కర్లపాలెం చుట్టుప్రక్కల కబడ్డీ పోటీల సందడి మొదలవుతుంది. మాది ఇసుక నేల. పడినా పెద్ద దెబ్బ తగలదని తల్లులు కూడ అంతగా అభ్యంతరపెట్టరు. మా సంఘములోని యౌవనస్థులు జట్టు కట్టుకొని, సాయంకాలాలు తమకు నేర్పమని అడిగితే ఒప్పుకున్నాము. వేదాంత కళాశాలకు వెళ్ళకమునుపు మేమూ ఎడమ మూలన నిలిచి ఆడినవారమే.

పిల్లల భయమంతా పొరుగూరి జట్టులోని ఒక్క కుర్రవానిని గురించే. పొడగరి, కాలు చాపితే బారెడు. క్రిందటిసారి మనవాళ్ళు పోగొట్టుకున్న పాయింట్లలో సగానికి పైగా అతడి కూతలోనే పోయాయి. అతడు మధ్యగీత దాటగానే మా ఏడుగురూ వెనక్కి జరిగేవారు. ఒకరిద్దరైతే అతడు తాకకముందే గీత బయట కాలు పెట్టి అవుటయ్యారు. మూలన ఆడిన పిల్లవాడు అందరి తిట్లూ తిని, ఈసారి రానని ఇంట్లో కూర్చున్నాడు. వాడిని పిలుచుకొని రావడానికే మాకు మూడు రోజులు పట్టింది.

ముందుగా గీతల సంగతి చెప్పాము. పెద్దల కోర్టులో మధ్యగీతకు బాక్ లైను 3.75 మీటర్లు. కూతకు వచ్చినవాడు ఎవరినీ తాకకుండా తిరిగి పోవాలంటే ఆ గీత దాటి తీరాలి. అతడికున్నది 30 సెకన్లే. కనుక తొందర అతడిది, మనది కాదు. ఎవరినీ తాకకముందు ప్రక్క లాబీలో అడుగు పెడితే అవుటయ్యేది అతడే. ఈ మాట విన్నాక పిల్లల ముఖాలు కాస్త తేటపడ్డాయి.

తరువాత పట్టు. ఎదురుగా చూస్తున్నవాని మీదికి దూకితే చెయ్యి తాకించి పోతాడు. వెనుదిరిగే క్షణములో చీలమండ దొరకబుచ్చుకోవాలి. మూలనున్నవాడు పట్టగానే ప్రక్కనున్న కవర్ నడుముకు చేరాలి, ఒక్కడిని వదిలేస్తే ఈడ్చుకుపోతాడు. మొదటి వారమంతా పట్టు వద్దని చెప్పి, చేతులు కలిపి ఇద్దరిద్దరుగా ముందుకూ వెనక్కూ కదలడమే చేయించాము. విసుక్కున్నారు. చేతులు ఎత్తుగా కలపవద్దని మరీ మరీ చెప్పాము. పాట్నా జట్టు ఆటగాడు పర్‌దీప్ నర్వాల్ 2017 ప్రో కబడ్డీలో 369 రైడ్ పాయింట్లు, అందులో ఒక్క ఆటలోనే 34 తెచ్చుకున్నాడు. పట్టబోయేవారి చేతుల క్రింద నుండి మునిగి పారిపోయే అతడి 'డుబ్కీ' చాలామంది టీవీలో చూసే ఉంటారు.

అయితే పట్టడముతో పని తీరదు. పట్టుబడినవాడు బయట కూర్చుంటాడు, కాని అతడి జట్టుకు ఒక అవుటు దొరికితే మళ్ళీ లోపలికి వస్తాడు. ముందుగా అవుటైనవాడే ముందుగా వస్తాడు. కనుక అతడు బయట ఉన్నంతసేపూ వారి బలహీనుడు కూతకు వచ్చినా మీదపడవద్దు, ఉత్త చేతులతో పంపండి అన్నాము. పిల్లలకు ఇదే అన్నిటికంటె కష్టమైంది. బలహీనుని చూస్తే చెయ్యి ఊరుకోదు.

2018లో జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో, అంతకుముందు వరుసగా ఏడు స్వర్ణాలు గెలిచిన భారత పురుషుల జట్టును ఇరాన్ 27-18తో ఓడించింది. ఫజల్ అత్రాచలి వంటి మూల ఆటగాళ్ళు ఉన్న జట్టు అది. పట్టు నేర్చినవారి ముందు పేరున్న జట్టయినా తడబడుతుందని పిల్లలకు ఆ ఆట చెప్పి ధైర్యము కలిగించాము.

పోటీకి రెండు రోజుల ముందు పెద్దమనిషి ఒకరు వచ్చి, "అయ్యగారూ, ఆ కుర్రాడి కుడి మోకాలు పోయిన నెల బెణికింది. ఆ కాలే లాగమనండి, రెండు కూతలకే కూర్చుంటాడు" అన్నారు. పిల్లల కళ్ళు మెరిశాయి. కాళ్ళతో కత్తెర వేయడం, బట్టలు పట్టి లాగడం తప్పులే గాని, కాలు పట్టడం ఆటలో ఉన్నదే. నియమము ప్రకారం ఆయన మాటలో తప్పు పట్టలేము. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. ఉదయాన పిల్లలతో, ఏ కాలు అందితే ఆ కాలు పట్టండి, గాయాన్ని వెతుక్కుంటూ పోవద్దు, పట్టినాక మెలిపెట్టవద్దు అన్నాము. ఇద్దరు అలిగారు. ఒకడు, "ఓడిపోతే మీరే చెప్పాలి మా నాన్నకు" అన్నాడు.

ఆటలో అతడిని నాలుగుసార్లు పట్టారు. రెండుసార్లు పట్టినది ఆ మూల పిల్లవాడే. చివరి నిమిషాలలో మనము ఒక పాయింటు ముందున్నాము, ఆ పొడగరి బయట ఉన్నాడు. వారి చిన్నవాడు కూతకు వచ్చాడు. ఇన్ని దినాలు మేము నేర్పినదంతా మరచి, గీత బయట నుండి "పట్టండిరా!" అని కేక వేసినది మేమే. ఇద్దరు మీదపడ్డారు, వాడు ఇద్దరినీ తాకి జారిపోయాడు. పొడగరి లోపలికి వచ్చాడు. మూడు పాయింట్లతో ఓడిపోయాము.

ఆట అయ్యాక అతడు మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ మా మూల పిల్లవానిని, "ఈ పట్టు ఎక్కడ నేర్చావురా?" అని అడిగాడట. ఇంటికి వచ్చేవరకూ వాడు అదే మాట పదిసార్లు చెప్పాడు. ఓటమి సంగతి మేమే వెళ్ళి ఆ తండ్రికి చెప్పుకున్నాము. ఉగాదికి మరొక పోటీ ఉంది. అప్పుడు గీత బయట నోరు మూసుకొని నిలబడతామని పిల్లలు మా చేత ఒప్పించుకున్నారు.