డీబేస్ పెట్టె మళ్లీ తెరవడం ఎలా?

1985 తరువాత కంప్యూటరు కొన్న మనవారు చాలామంది దుకాణం పద్దులనూ, సంఘ సభ్యుల పేర్లనూ ఎక్కించినది డీబేస్‌లోనో, ఫాక్స్‌ప్రోలోనో. ఆ ఫ్లాపీలూ, డిస్కులూ ఇంకా కొందరి అటకలమీద ఉన్నవి. తాతగారు వచ్చి స్థిరపడిన వీధి, ఎవరి పిల్లను ఏ ఊరికిచ్చినదీ కాగితంమీద లేక, అందులోనే ఉండిపోయిన ఇండ్లు లేకపోలేదు. ప్రోగ్రాము నడవడం లేదు, పారవేద్దామనుకొనే ముందు నాలుగు మాటలు వినండి.

మొట్టమొదట నకలు తీయాలి. డి.బి.ఎఫ్. అని ముగిసే ఫైళ్లతోబాటు డి.బి.టి. అని ముగిసేవి కూడా తీసికోవాలి. డీబేస్‌లో పొడుగాటి వివరాలుండేది వాటిలోనే. సూచిక ఫైళ్లు పోయినా దిగులులేదు, మళ్లీ కట్టించుకోవచ్చు.

ఇక ప్రోగ్రాము మొరాయించేది తరచు చోటు చాలకనే. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లోని 8088 చిప్పు చూడగలిగినది ఒకే మెగాబైటు, అంటే 1,024 కిలోబైట్లు. అందులో 640 ప్రోగ్రాములకు. పైనున్న 384 తెరకూ, యంత్రపు సొంత పనులకూ. తరువాతి యంత్రాలలో ఎన్ని మెగాబైట్లు పెట్టినా మామూలు డాస్ ప్రోగ్రాముకు ఆ 640 గదే గతి. డాసూ, మౌసూ, నెట్‌వర్కూ తలా ఒక మూల మంచం వేసుకుంటే ఫాక్స్‌ప్రోకు కాలు చాపుకొనే చోటుండదు. మనమేమో ఎనిమిది మెగాబైట్లు కొన్నాం గదా అని యంత్రాన్ని తిడతాం!

1991లో వచ్చిన డాస్ 5 దీనికి ఉపాయం చూపింది. కాన్ఫిగ్.సిస్ అనే చిన్న ఫైలులో ముందు హైమెమ్.సిస్, దాని తరువాత ఇ.ఎం.ఎం.386 పిలవాలి, మొదటిది లేనిదే రెండవది లేవదు. "డాస్=హై,యు.ఎం.బి." అన్న వరుస కూడా చేర్చాలి. హైమెమ్ ఒక మెగాబైటుకు ఆవలి పెరటి తలుపు తీస్తుంది. డాస్ తన సామానులో చాలాభాగం అక్కడికి చేర్చుకుంటుంది. ఇ.ఎం.ఎం.386 ఆ 384 అటకలో ఖాళీగా ఉన్న మూలలను వాడుకలోకి తెస్తుంది. దీనికి 386 గాని, ఆ పై చిప్పు గాని ఉండాలి. "డివైస్‌హై", "లోడ్‌హై" అన్న మాటలతో మౌసు వగైరాలను అక్కడికెక్కించవచ్చు. ఎవరెక్కడున్నారో "మెమ్ /సి" అని కొడితే తెలుస్తుంది.

"ఫైల్స్=" అనే వరుస సంగతి వేరు. ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరవవచ్చునో అది చెబుతుంది. మనం చెప్పకపోతే డాస్ 8తోనే సరిపెడుతుంది. డీబేస్ 3 ప్లస్ 20 అడుగుతుంది. మెమరీ లోపమని కంగారుపడే ముందు దీన్ని చూడండి.

ఇప్పటి 64 బిట్ల విండోస్ డాస్ ప్రోగ్రాములను అసలు గడప తొక్కనివ్వదు. అందుకు 2002 నుంచీ డాస్‌బాక్స్ అనే ఉచిత సాధనం ఉన్నది. పైన చెప్పిన పెరడూ, అటకా అందులో మొదటినుంచీ తెరిచే ఉంటవి. "మౌంట్" ఆజ్ఞతో మన ఫోల్డరును సి డ్రైవుగా చూపితే చాలు. అయితే అది ఆటలకోసం చేసినది. నకలు మీద చదువుకోవడానికేగాని, రోజువారీ పద్దులకు దాన్ని నమ్మవద్దని నా అభిప్రాయం. డీబేస్‌లో "సెట్ ఆల్టర్నేట్" ఆజ్ఞతో జాబితాను మామూలు అక్షరాల ఫైలుగా దింపుకొంటే అచ్చు బాధ కూడా తీరుతుంది.

పూణేలోని సి-డాక్ వారి జిస్ట్ కార్డు పెట్టించుకొని తెలుగులోనే పేర్లెక్కించినవారూ ఉన్నారు. ఆ జాబితా ఈనాడు తెరిస్తే పిచ్చిగీతలు కనబడతవి. చెడిపోయిందని ఎవరూ దిద్దబోకండి! అవి 1991లో ప్రమాణంగా ఏర్పడిన ఇస్కీ సంకేతాలు. అందులో తెలుగు "క"కూ, కన్నడ "క"కూ సంకేతం ఒక్కటే. తెలుగులో ఎక్కించిన పేరును కన్నడ లిపిలోనూ చూడవచ్చు. బళ్లారిలోనో, కోలారులోనో పెరిగి తెలుగు లిపి రాని మనుమలకిది ఎంత సదుపాయమో చూడండి.

అసలు ఫైలును ముట్టక, నకలునే యూనికోడ్‌లోకి మార్పించండి. ముందు పది పేర్లు మార్చి ఇంట్లో పెద్దవారిచేత చదివించి, ఒత్తులూ సున్నలూ సరిగా వచ్చాయని వారన్న తరువాతనే మిగిలినవి పట్టండి.