మంచు కింద సముద్రం ఉందని ఎలా తెలిసింది?

హైదరాబాద్‌లోని ఫిసల్‌బండలో 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఒక వేధశాల పెట్టారు. 15 అంగుళాల దుర్భిణి తెప్పించారు. అదే నిజామియా వేధశాల. తర్వాత బేగంపేటకు మారింది.

అలాంటి దుర్భిణిలోంచి చూస్తే గురుగ్రహం పక్కన నాలుగు చందమామలు కనిపిస్తాయి. వాటిలో యూరోపా ఒకటి. దాని మంచు కింద ఉప్పు సముద్రం ఉందని శాస్త్రవేత్తలు గట్టిగా నమ్ముతున్నారు.

పైన మైనస్ 160 డిగ్రీల చలి. మరి లోపల నీరెందుకు గడ్డకట్టదు? యూరోపా తిరిగే దారి పూర్తి గుండ్రం కాదు. మూడున్నర రోజులకో చుట్టు తిరుగుతూ గురువుకు కాస్త దగ్గరవుతుంది, కాస్త దూరమవుతుంది. దాంతో గురువు లాగుడు మారినప్పుడల్లా దాని ఒళ్లంతా సాగి ముడుచుకుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వంపు దగ్గర వేడెక్కుతుంది కదా, అలాగే లోపల వేడి పుడుతుంది.

చూడకుండానే నీటి జాడ ఎలా దొరికింది? ఇందులో అసలు అందం ఇదే. 1990ల చివర్లో గెలీలియో అంతరిక్ష నౌక యూరోపా పక్కగా వెళ్తూ అయస్కాంత క్షేత్రాన్ని కొలిచింది. గురువు క్షేత్రం మారుతుంటే యూరోపా నుంచి మరో క్షేత్రం పుడుతోంది. అంటే లోపల విద్యుత్తు పారే పదార్థం ఏదో ఉండాలి. ఉప్పునీరైతే లెక్క సరిపోతుంది!

శనిగ్రహపు చందమామ ఎన్సెలడస్ అయితే దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరినే చిమ్ముతోంది. కాసిని నౌక 2005లో దాన్ని పట్టుకుంది.

2024 అక్టోబర్ 14న బయల్దేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030లో గురువును చేరి, రాడార్‌తో మంచు పొరను లోపలిదాకా పరిశీలించాలి.