మేనిచాయయు, కిరీటమును

అందగత్తెల పోటీలనిన మనలో పెక్కండ్రకు పెదవి విఱుచుట యలవాటు. స్త్రీరూపమును పదుగురియెదుట తూచుట తగునా యను శంక నాకును లేకపోలేదు. ఐనను అట్టి పోటీలో గెలిచిన యొక తెలుగింటి యాడుబిడ్డ చరిత్రము మన యిండ్లలోని దోషము నొకదానిని మనకు జూపుచున్నది.

ఆమె నీనా దావులూరి. విజయవాడనుండి అమెరికాకు వెడలిన తలిదండ్రులకు 1989వ సంవత్సరము ఏప్రిలు 20వ తేదీని, న్యూయార్కు రాష్ట్రమందలి సిరక్యూసు పట్టణమున జన్మించెను. తండ్రి వైద్యుడు. ఆమె మిచిగాన్ విశ్వవిద్యాలయమున మెదడునకును ప్రవర్తనకును గల సంబంధమును దెలుపు శాస్త్రమున పట్టము బొందెను. భారతీయ నృత్యమును గూడ నభ్యసించెను.

ఆ దేశమున నీ పోటీ మెట్లుమెట్లుగా సాగును. మొదట నూరిలో, పిదప రాష్ట్రములో గెలువవలెను. తరువాత రాష్ట్రముల విజేతలందఱును జాతీయకిరీటమునకై పోటీపడుదురు. రూపమొక్కటియే చాలదు, కళయు, వాక్చాతుర్యమును, సంఘసేవాశయమును బరీక్షింతురు. గెలిచినవారికి విద్యావేతన మొసగుదురు. 2013లో నీనా సిరక్యూసు కిరీటమును, న్యూయార్కు రాష్ట్రకిరీటమును బొంది, సెప్టెంబరు 15వ తేదీని అట్లాంటిక్ సిటీయందు మిస్ అమెరికాగా నెన్నికయ్యెను. హిందీ చలనచిత్రగీతమునకు మన నృత్యరీతులు మేళవించి యామె యాడెను. 1921లో నారంభమైన యా పోటీలో భారతసంతతి వనిత గెలుచుట యదియే ప్రథమము.

ఆ రాత్రియే నిందలు చెలరేగెను. పరదేశీయురాలనియు, ఉగ్రవాదియనియు గొందఱు వ్రాసిరి. ఆమె కోపింపక, అట్టి మాటలను మించి నిలువవలెననియు, తన్ను దా నెప్పుడును అమెరికా బిడ్డగనే తలచితిననియు జెప్పెను. వివిధజాతుల యాచారముల నెఱిగి గౌరవింపవలెనని బోధించుటయే తన యాశయముగా గైకొని, యా యేడాది దేశమెల్ల దిరిగెను.

మఱి మన దేశమున నేమనిరి? ఇంత చామనచాయ పిల్ల యిచ్చటి పోటీలలో గెలువగలదా యని చర్చించిరి! అచ్చట జాతి యడ్డయ్యెను; ఇచ్చట రంగు. కిరీటము దిగిన పిమ్మట నామె యీ రంగుపిచ్చిపైననే పోరాడెను. 1975నుండి మన బజారులలో తెల్లదనమును వాగ్దానము చేసిన యొక ప్రసిద్ధలేపనము 2020లో, పెక్కండ్ర నిరసనమువలన, తన పేరిటనున్న ‘ఫెయిర్’ అను మాటను విడిచినది. ఆ నిరసించిన గళములలో నామెదియు నొకటి.

పేరు మాఱినది, మన మనస్సు మాఱినదా? పాంచాలికి ‘కృష్ణ’యను పేరు మేనిచాయను బట్టియే వచ్చినది. ఆమె స్వయంవరమునకు రాజలోకమెల్ల దరలివచ్చెను. నీలమేఘశ్యాముని నిత్యము పూజించు మనమే, పురిటిగదివాకిట నిలిచి బిడ్డ తెలుపా నలుపాయని యడుగుదుము. పెండ్లిచూపులలో పిల్ల చదువుకన్న ముందు చాయ నెంతుము. ఆ మాట తలుపుచాటుననున్న పిల్ల చెవిని బడును, జన్మమంతయు గుచ్చును.

అమ్మలారా! ఆ ప్రశ్న నడుగుట మానుదము. దానికి కిరీటము లక్కఱలేదు. మన నాలుక మన వశమందున్న జాలును.