ఈ రాళ్లేమిటని పిల్లలడిగితే

బందరులో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేటలున్నవి. వలందులనగా హాలెండు దేశస్థులు, పరాసులనగా ఫ్రెంచివారు. పదిహేడవ శతాబ్దములో వీరంతా మన అద్దకపు బట్టలకోసం ఓడలెక్కి ఈ రేవుకు వచ్చారు. ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తకము ప్రారంభించారు. వలందుల సమాధి రాళ్లు నేటికీ ఉన్నవి. వాటిని పురావస్తు శాఖ కాపాడుచున్నది.

మరి మన సంఘ చరిత్రను కాపాడువారెవరు?

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను దైవసేవకులు బందరు చేరారు. నోబుల్ గారు 1843లో పెట్టిన బడియే తరువాత నోబుల్ కళాశాల అయినది. 1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము పొందగా ఊరంతా అట్టుడికినది. పిల్లలు బడి మానివేశారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది. మరుసటి సంవత్సరమే నోబుల్ గారు బందరులో కన్నుమూశారు.

గొప్పవారికి శిలాఫలకములున్నవి, పుస్తకములున్నవి. కూలి చేసుకొని బ్రదికి, ప్రభువును నమ్మి, మట్టిలో కలిసిన మన తాతముత్తాతలకు ఏమున్నది? బాప్తిస్మపు రిజిస్టరులో ఒక్క వరుస ఉన్నది. తేదీ, పేరు, తల్లిదండ్రులు, ఊరు, వృత్తి. అంతే. ఆ పుట చెదలపాలైతే వారు ఈ లోకములో జీవించిరనుటకు వేరే వ్రాతయే ఉండదు.

అందుకే మేము కొద్దిమందిమి ఆదివారము ఆరాధన తరువాత ఈ పనికి పూనుకున్నాము. జీతము లేదు, బిరుదు లేదు. యౌవనస్థులు రిజిస్టరు పుటలను ఫోనుతో ఫొటో తీస్తారు. దస్తూరి చదవగల పెద్దలు చెప్పుచుండగా ఒకరు నోటుపుస్తకములో ఎక్కిస్తారు. సమాధి రాళ్లను సుద్దతో గాని, ఆమ్లముతో గాని రుద్దము. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, ప్రక్కనుండి ఎండ పడు వేళ చదువుతాము. అప్పుడు అరిగిన అక్షరములు కూడ కనబడును.

ఒకనాడు చదువు రాని ఒక వృద్ధురాలు మా ప్రక్కన కూర్చున్నది. ఒక వరుస చదవగానే ఆమె చేయి అడ్డుపెట్టి, "మా నాయనమ్మ పేరు! మళ్లీ ఒక్కసారి చదవండయ్యా" అన్నది. మూడుసార్లు చదివించుకున్నది. ఆ పేరు విన్న ఆమె మనుమలు, తమ ఇంట భక్తి ఎన్ని తరముల నాటిదో ఆ రోజే తెలుసుకున్నారు.

యొర్దాను దాటిన ఇశ్రాయేలీయులు నదిలోనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి నిలిపిన సంగతి యెహోషువ నాలుగవ అధ్యాయములో చదువుచున్నాము. రాళ్లు నిలుపుటతో పని ముగియలేదు. పిల్లలడిగినప్పుడు జవాబు చెప్పు బాధ్యత పెద్దలకు అప్పగింపబడినది.

ప్రియ పాఠకులారా, ఈ పని పట్టణములకు మాత్రమే చెందినది కాదు. మీ పల్లెలో మొదట రక్షింపబడిన కుటుంబమేది? ప్రార్థన మందిరమునకు స్థలమిచ్చినదెవరు? 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కన్నులార చూచినవారు ఇంకా ఎవరున్నారు? వారి ప్రక్కన కూర్చుండి వ్రాసికొనండి. పాత రిజిస్టరును నేలపై ఉంచక, తడి తగలని ఎత్తయిన చోట ఉంచండి. దాని నకలు వేరొక ఇంట భద్రపరచండి. ఉప్పెన మనుష్యులనే గాక కాగితములను కూడ తీసికొనిపోవును.

ప్రభువు తన వారిని పేరుపేరున ఎరిగియున్నాడు. ఆ పేర్లను మన పిల్లలు కూడ ఎరుగునట్లు చేయుట మన వంతు.